రెండు గళ్ళ దూప

మా రీడింగ్ రూములో పొద్దున పదిన్నరకల్లా తెలుగు దినపత్రిక రెండు చోట్ల దెబ్బతిని ఉంటుంది. ఉద్యోగ ప్రకటనల పేజీని ఎవరో బ్లేడుతో కోసుకుపోతారు. గళ్ళ నుడికట్టును ఎవరో బాల్‌పెన్నుతో సగం నింపి వదిలేస్తారు. మొదటి నేరంతో నాకు సంబంధం లేదు. రెండో నేరం మూడేళ్ళుగా నాదే. సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగితే, కవిత్వం చేతగాక, ఈ నేరాన్నే ఒప్పుకుంటున్నాను.

"గళ్ళు నింపుకుంట కూర్చుంటే ఏమొస్తది బాబూ, ఆ టైముల నాలుగు బిట్లు చదువుకోరాదా?" అని మా లెక్చరర్ ఒకాయన ప్రేమతోనే మందలించారు. సారుకు అప్పుడు జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెబుతాను. ఈ మాట సారుకన్నా ముందు చాలా పెద్దవాళ్ళే అన్నారు. ఆర్థర్ విన్ అనే ఆయన 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొట్టమొదటి గళ్ళ నుడికట్టు వేశాడు. పదేళ్ళలో ఆ పిచ్చి అమెరికా అంతా అంటుకుంది. 1924లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీన్ని పనికిమాలిన కాలహరణమని ఈసడించింది. ఆ పత్రికే 1942లో తన పేజీల్లో గళ్ళు వేయడం మొదలుపెట్టి, ఇప్పటికీ వేస్తూనే ఉంది. లండన్ టైమ్స్ అంతకన్నా ముందే, 1930లో లొంగిపోయింది. మన భాషలో శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు కూర్చుని గళ్ళు కట్టారు. కాబట్టి నేను చెడిపోయినా మంచి సావాసంలోనే చెడిపోయాను.

ఈ ఆట తెలియనివారికోసం రెండు మాటలు. మంచి ఆధారం నేరుగా అర్థం అడగదు, కొంచెం మెలిక పెడుతుంది. నేను సరదాకు కట్టుకున్నవి రెండు చూడండి. "నల్లగొండకు సంస్కృతపు చొక్కా (4)". నల్ల అంటే నీల, కొండ అంటే గిరి, జవాబు నీలగిరి. మన ఊరి పాతపేరు అదే. 1922లో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు ఇక్కణ్ణుంచి నడిపిన పత్రిక పేరు కూడా అదే. ఇక రెండోది: "పాలమూరు మొదలూ చివరా కలిస్తే ఏటి పని (2)". పా, రు కలిపితే పారు. కృష్ణ పక్కనుంచే పోతున్నా పొలాలకు నీళ్ళందక, వలసలకు పేరుపడ్డ జిల్లా పేరులోనే 'పారు' దాగి ఉందని నాకు ఈ ఆట వల్లనే తెలిసింది.

ఇంగ్లీషు గడిలో ఒక్క అక్షరం, అదీ ఇరవై ఆరింటిలో ఒకటి పడుతుంది. తెలుగు గడిలో గుణింతమూ ఒత్తులూ అన్నీ కలిసి ఒకే గదిలో కాపురం ఉంటాయి. 'స్త్రీ' అనేది ఒక్క గడి. అడ్డం మాట, నిలువు మాట ఎక్కడ కలుసుకుంటాయో అక్కడ దీర్ఘంతో సహా రెండూ ఒప్పుకోవాలి. 'ప' చాలనిపించినచోట 'ప్పి' కావలసి రావచ్చు. అందుకే మన గళ్ళల్లో పెద్దమనిషి తీర్పు చెప్పేది ఆ కూడలి గడే. నిఘంటువు తర్వాత వస్తుంది. పరీక్షలో బిట్టుకు ఏ, బీ, సీ, డీల్లో ఒకటి గుడ్డిగా కొట్టి వస్తాం, తప్పో ఒప్పో 'కీ' వచ్చేదాకా తెలియదు. గడిలో మనం రాసిందాన్ని పక్కమాట అప్పటికప్పుడే ప్రశ్నిస్తుంది. సారూ, బిట్లకన్నా ఇదే ఎక్కువ చదువు అని నా మనవి.

అయితే ఆ ప్రశ్నను వినిపించుకునే బుద్ధి మనకు ఉండాలి. నాకు అది లేకపోయిన రోజు సంగతి చెబుతాను.

అది మే నెల. అడ్డం 14, ఆధారం "దాహం (2)". ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా దూప అని సిరాతో రాశాను. దాని రెండో గడిలోంచి నిలువు 9 దిగుతుంది. "కోతికి పుట్టుకతో వచ్చేవి (5)". రెండో అక్షరం 'ప' అనుకున్నాను గనుక చాలాసేపు గింజుకుని చపలచిత్తం అని పెట్టాను. సరిగ్గా అయిదు గళ్ళు! నా తెలివికి నేనే మురిసిపోయాను. కాని దాని మూడో అక్షరం 'ల' అడ్డం 17కు మొదటి అక్షరం అయింది. "కూరగాయలమ్మే ఆమె నెత్తిమీద (2)" అంటే 'ల'తో ఏం రాస్తాం? ఆ మూల అట్లనే ఖాళీగా ఉండిపోయింది. మర్నాడు జవాబులు చూస్తే దప్పి, కుప్పిగంతులు, గంప. ఒక్క దూపతో మూడు మాటలు పోయినయి.

ఎందుకంత మొండిగా సిరాతో రాశానో చెప్పాలి. ఏడో తరగతిలో ఎండాకాలం మీద వ్యాసం రాయమంటే, పశువులు దూపకు అల్లాడుతున్నాయని రాశాను. మాస్టారు ఎర్రసిరాతో దూప చుట్టూ సున్న చుట్టి, పైన 'దాహం' అని రాసి, ఒక మార్కు తీసేశారు. ఇంటికి పోతే అమ్మ గుమ్మంలోనే "దూపయితుందా బిడ్డా?" అని చెంబు అందించింది. ఆ మాటకు మార్కు పోతుందని అమ్మకు చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత రెండు ఖాళీ గళ్ళు కనిపించేసరికి పాత బాకీ వసూలు చేసుకుందామనిపించింది.

గళ్ళు నింపడం సగం ఆటే. మిగతా సగం మర్నాడు ఉంటుంది. చాలామంది కొత్త గడి దొరకగానే పాతదాన్ని మరిచిపోతారు. నేను పాతదాన్ని సరిచూసుకోకుండా కొత్తదాన్ని ముట్టను. ఒక నోటుబుక్కులో మూడు వరుసలు పెట్టుకున్నాను: ఖాళీ, తప్పు, తగాదా. అసలు తెలియనివి ఖాళీలో. తెలుసనుకుని దెబ్బతిన్నవి తప్పులో. గడి కట్టినవారిదే పొరపాటని నేను గట్టిగా అనుకున్నవి తగాదాలో. ఉదాహరణకు "ఏనుగు (2)" అని ఊరికే అడిగి, ఏ కూడలీ ఇవ్వకపోతే కరి, గజం, దంతి, హస్తి నాలుగూ కూర్చుంటాయి. అది తగాదా. మొదట్లో నా నోటుబుక్కులో తగాదాలే ఎక్కువ. నెలలు గడిచేకొద్దీ వాటిలో చాలా మటుకు తప్పు వరుసలోకి మారినయి. ఈ మూడేళ్ళలో నేను నేర్చుకున్న వినయమంతా ఆ మారడంలోనే ఉంది.

మరి దూప ఏ వరుసలో రాయాలి? మా గదిలో దీనిమీద పెద్ద పంచాయితీ అయింది. నా రూమ్మేటు పాలమూరు పిల్లగాడు. "అరే, దూప తప్పెట్లయితదిర? మా ఇంట్ల అందరంటరు. తగాదాల రాయి" అన్నాడు. నేను తప్పులోనే రాశాను. ఎందుకంటే కూడలి ఉంది. "వచ్చేవి" అన్న బహువచనం నన్ను పిలిచి మరీ చెబుతోంది. చపలచిత్తం ఒక్కటే, కుప్పిగంతులు అనేకం. నేను వినలేదు. మన మాట మీద ప్రేమ ఉన్నంతమాత్రాన ఆధారం చదవకపోవడానికి హక్కు రాదు. ఆ రోజు గడి కట్టినవారి దోషం ఇసుమంత కూడా లేదు.

కాని ఆ రాత్రి నోటుబుక్కు మొదటినుంచీ తిరగేస్తే ఇంకో సంగతి కనబడింది. ఖాళీ వరుసలో నేను నేర్చుకున్న మాటల్లో సముద్రానికే నాలుగు పేర్లున్నాయి: జలధి, ఉదధి, పయోధి, అంబుధి. సముద్రం చూడని మెట్టప్రాంతం వాణ్ణి నేను. గడి పుణ్యాన దాని పేర్లన్నీ వచ్చినయి. సంతోషమే. కాని ఎండకు బీటలువారే మా నేలమీద రోజుకు పదిసార్లు వినిపించే దూప ఈ మూడేళ్ళలో నేను సరిచూసుకున్న జవాబుల్లో ఒక్కసారి కూడా రాలేదు. దారికి పథం వచ్చింది, జ్ఞాపకానికి స్మృతి వచ్చింది, తొవ్వ రాలేదు, యాది రాలేదు. ఎప్పుడైనా మనవైపు మాట ఒకటి వస్తే పక్కన 'మాండలికం' అని చీటీ ఉంటుంది. ఉదధి పక్కన 'సంస్కృతం' అని చీటీ ఎందుకుండదు?

దీనికి ఒక జవాబు చెబుతారు. గడి అన్ని జిల్లాలవారికీ కదా, శ్రీకాకుళం పాఠకుడికి దూప ఎట్లా తెలుస్తుంది అంటారు. న్యాయమైన ప్రశ్నే. కాని మెలిక ఉన్నది అందుకే కదా! "ధూపంలో ఒత్తూ సున్నా పోతే గొంతెండుతుంది (2)" అని అడిగి చూడండి. దూప అనే మాట పుట్టి వినని మనిషి కూడా, ధూపంలోంచి ఒత్తు తీసి, సున్నా తీసి, కూడలితో సరిచూసుకుని, ఓహో ఇట్లా ఒక మాట ఉందన్నమాట అనుకుంటాడు. ఉదధి నాకు వచ్చింది కూడా అట్లనే కదా. తెలిసిన మాటలే అడగాలంటే గడి ఎందుకు, ఎక్కం అప్పజెప్పినట్లు చెప్పుకుంటే పోలా? తెలియని మాటను బలవంతం లేకుండా, పాఠకుడి తెలివితోనే అతని ఇంటికి చేర్చే సాధనం ఇంతకన్నా మంచిది నాకు కనిపించలేదు.

అసలు ఇబ్బంది ఎక్కడుందంటే, గడి కట్టేవారు అచ్చులో ఉన్న మాటను నమ్ముతారు. అచ్చులో లేనిది గడిలోకి రాదు. గడిలో, పాఠంలో రానిది మాటే కాదని మనమే అనుకుంటాం, పిల్లల వ్యాసాల్లో ఎర్రసున్న చుడతాం. అచ్చులో అసలు లేవా అంటే ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. రైతులనూ నేతగాళ్ళనూ అడిగి రాసుకున్న మాటలవి. పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మగ్గాలున్న మనకు ఆ రెండో సంపుటం చుట్టం వంటిది. నలిమెల భాస్కర్ గారి తెలంగాణ పదకోశం ఉంది. సామల సదాశివ గారు తన పుస్తకానికి 'యాది' అనే పేరు పెట్టారు. ఇవన్నీ ఉండగా మనం తగాదా వరుసలో రాసుకుని ఊరుకుంటే తప్పు మనదే అవుతుంది.

ఈ విషయంలో మనకు దారి చూపినవాడు పాలమూరు జిల్లాలోనే పుట్టాడు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాట ఒకటి వచ్చినప్పుడు ఆయన కోపంతో వ్యాసాలు రాసి సరిపెట్టుకోలేదు. ఊరూరికీ ఉత్తరాలు నడిపి, 354 మంది కవుల పద్యాలు పోగుచేసి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేసి చేతిలో పెట్టారు. లేరన్నవాళ్ళు లెక్కపెట్టుకోవలసి వచ్చింది. మాట లేదంటే మాట తెచ్చి చూపడం, అదే జవాబు.

నా ప్రతిపాదన చిన్నది. లైబ్రరీ మెట్ల దగ్గర ఖాళీగా ఉన్న బోర్డు మీద నెలకొక గడి మనమే కడదాం. మూడు షరతులు పెట్టుకుందాం. ఇంటి మాట ఏదైనా సరే, రెండు వేరువేరు ఊళ్ళవాళ్ళు అవునని సాక్ష్యం చెబితేనే తీసుకోవాలి. ఆ మాట తెలియనివాడు కూడా చేరుకునేటట్లు ఆధారంలో తొవ్వ ఉండాలి, కూడలి ఉండాలి. వారం తర్వాత జవాబుల పక్కన తగాదాలకు తెల్లకాగితం అంటించాలి, ఎవరైనా రాయవచ్చు, కట్టినవాడు సంతకం పెట్టి బదులివ్వాలి. గడి కట్టడం మొదలుపెడితే తెలుస్తుంది, ఎదుటివాణ్ణి తప్పుపట్టినంత తేలిక కాదని. నాలుగు మాటలు కలిపేసరికి నాకు రెండు రాత్రులు పట్టింది. రూమ్మేటు ఒక్కటి కట్టి ఇచ్చాడు: "'సో' అంటూ మొగుడు చేసే స్నేహం (3)". సో, పతి, సోపతి. మూడేళ్ళుగా పక్కమంచంమీద ఉన్నవాడికి ఇంత తెలివి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

మందలించిన సారుకు కూడా ఆ కాగితం చూపించాను. కళ్ళద్దాలు పైకి తోసి, చాలాసేపు చూసి, "ఈ పయిలం అనే మాట మా అమ్మ అనేది, బడికి పోయేటప్పుడు" అన్నారు. తర్వాత బోర్డుకు తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కుని చెబుతానన్నారు.

తాళం చెవి వచ్చేలోగా మీకొకటి. జవాబు రాయను, సాక్ష్యానికి రెండు ఊళ్ళు నా దగ్గర ఉన్నాయి. తప్పు దొరికితే తగాదా వరుసలో రాసి పంపండి.

"తవ్వకు ఒత్వమిస్తే దారి దొరుకుతుంది (2)".