మడత పడవ ఎన్నాళ్ళు మన్నుతుంది?

పిల్లలూ! మొన్న మోండా మార్కెట్లో కూరలు కొంటూండగా వాన వచ్చింది. గొడుగు విప్పానుగదా, నెత్తిమీద నీళ్ళు! చూస్తే గుడ్డ నడుమంతా గట్టిగానే ఉంది. ఊచలకు ఒరుసుకునేచోట, మడతల వెంబడి చిరిగింది.

మడత పడవ సంగతీ ఇంతే. లోపల కర్రల చట్రం, పైన రబ్బరు పట్టించిన కాన్వాసు తొడుగు. ఊడదీసి, మూటకట్టి రైల్లో తీసుకుపోవచ్చు. 1932లో ఆస్కార్ స్పెక్ అనే జర్మను యువకుడు ఇటువంటి పడవలో ఊల్మ్ నగరాన డాన్యూబు నదిమీద బయలుదేరాడు. మన దేశపు తూర్పు తీరం వెంబడి కూడా తెడ్డు వేసుకుంటూ పోయి, 1939లో ఆస్ట్రేలియా గడ్డ తొక్కాడు! ఏడేళ్ళూ ఒక్క పడవే ఆగిందనుకునేరు. దారిలో కొత్తవి తెప్పించుకున్నాడు.

తొడుగును మెల్లగా తినేది ఇసుక. చట్రానికీ తొడుగుకూ మధ్య దూరి, తెడ్డు వేసినప్పుడల్లా ఆకురాయిలా అరగదీస్తుంది. అందుకే ఒడ్డు చేరగానే మంచినీళ్ళతో కడిగి, నీడన బాగా ఆరనిచ్చి మడుస్తారు. తడిమీద మడిస్తే బూజుపట్టి నూలు కుళ్ళిపోతుంది.

ఇంతా తెలిసిన నేను గొడుగు బాగుచేసే అతని దగ్గరకు వెళ్ళాను. తుప్పుపట్టిన ఊచలు చూసి, "తడిదే చుట్టి పెట్టిన్రా సారూ?" అన్నాడు. ఏం చెప్పను? తల ఊపాను.