పలుగూ పారా పట్టిన విశ్వాసం

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఒంగోలు నుంచి, నరసరావుపేట నుంచి, ఖమ్మం నుంచి, అమలాపురం నుంచి బస్సెక్కి హైదరాబాదు వచ్చి మోతీనగర్ సందుల్లో గదులు తీసుకున్నవాళ్ళారా! తెల్లారకుండానే కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుల బస్సు కోసం నిలబడేవాళ్ళు, ఫిలింనగర్ ఆఫీసుల చుట్టూ ఫోటోలు పట్టుకుని తిరిగేవాళ్ళు, ఎడిటింగ్ గదుల్లో రాత్రంతా కూర్చుని కూడా తెర మీద తమ పేరు చూసుకోనివాళ్ళు, మీతోనే మాట్లాడుతున్నాను.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న, కొత్త ఏటికి బైబిలు మాట రాసి ఉన్న వాగ్దానం కార్డు మీ ఫోను కవరు వెనక ఇంకా ఉంటుంది. మూలలు నలిగి, అక్షరాలు మాసి ఉంటాయి. జనవరిలో దాన్ని అందరికీ చూపించారు. జూన్ వచ్చేసరికి ఆడిషన్‌కి రమ్మన్నవాళ్ళు ఫోనెత్తడం మానేశారు. అద్దె రెండు నెలలు బాకీ పడింది. "ఏమన్నా కుదిరిందా నాన్నా?" అని అమ్మ అడుగుతుంటే నోట మాట రాదు. దేవుడు నన్ను మరిచిపోయాడా, నా విశ్వాసమే చాలలేదా అని గుండెలో ముల్లు గుచ్చుకుంటుంది.

అలా అడిగినందుకు సిగ్గుపడకండి. ఎవరో ఇచ్చే చవక జవాబును మాత్రం నమ్మకండి. కానుక పెంచితే అవకాశం వస్తుందని చెప్పేది ఎంతటి దైవజనుడైనా సరే, ఆ మాట సువార్తలో లేదు. మనం నమ్ముకున్నది సిలువ మోసినవాణ్ణి. ఆయన పేరు చెప్పి వేషం ఇప్పిస్తామనే హక్కు ఎవరికీ లేదు. పడ్డచోటి నుంచి లేచే సత్తువ ఆయన ఇస్తాడు. లేచాక పక్కవాణ్ణి లేపమంటాడు. నేను మీకు చెప్పవచ్చింది ఈ ఒక్క సంగతే.

మీ ముత్తాతల తరానికి ఇది బాగా తెలుసు. 1876లో వానలు మొహం చాటేశాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో, ముఖ్యంగా మాదిగ పల్లెల్లో, జనం ఆకులూ దుంపలూ తిని బతికారు. బతకలేనివాళ్ళు దారి పొడవునా రాలిపోయారు. అక్కడున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఏం చేశాడు? ప్రభుత్వం కరువు పనిగా తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ ముక్కను కంట్రాక్టు తీసుకున్నాడు. అంటరానివాళ్ళని తిట్టి, కొట్టి పని చేయించే మేస్త్రీల చేతుల్లో తనవాళ్ళు పడకూడదని, పల్లెల్లో వాక్యం చెప్పే బోధకులనే అక్కడ పని చూసేవాళ్ళుగా పెట్టాడు. పగలు పలుగూ పారా పట్టారు, తట్టలతో మట్టి మోశారు, కూలి తెచ్చుకున్నారు. పని మధ్యలో నడుం వాల్చినప్పుడు బోధకులు పక్కన కూర్చుని, మత్తయి సువార్త పదకొండో అధ్యాయంలో అలసినవాళ్ళని క్రీస్తు దగ్గరకు పిలిచిన మాటలు చెప్పారు. ఆ మాటల్ని చెమట కారుతున్న ఒంటితో విన్నారు కాబట్టి అవి వాళ్ళ లోపలికి దిగాయి.

ఆ తర్వాతి సంగతి నాకు ఇంకా గొప్పగా కనిపిస్తుంది. బాప్తిస్మం ఇవ్వమని వేలమంది వచ్చి అడిగారు. కరువు ఉన్నన్నాళ్ళూ ఆయన ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చాడన్న మాట ఒక్కడి మీద కూడా పడకూడదనుకున్నాడు. తిండి మాత్రం ఆపలేదు. కరువు తగ్గాక, ఇక పంచడానికి ఏమీ లేదని చెప్పినా జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ ఇంటి పెద్ద బైబిల్లో రాసి ఉన్న పేర్లలో ఏదో ఒకటి ఆ ఏటి ఒడ్డు దాకా వెళ్ళొచ్చు. ఆ జనం నెత్తురు మీలో ఉంటే, రెండు నెలల అద్దె బాకీకి కుంగిపోతారా?

సినిమావాళ్ళకి దగ్గరైన ఇంకో మనిషి గురించి చెప్తాను. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ. చిన్న బడిలో పంతులు ఉద్యోగం పోయి, 1915-16లో రాజమండ్రి వెళ్ళి మూకీ సినిమాలకు వాచకుడిగా చేశాడు. తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన నిలబడి కథా, సంభాషణలూ చదవాలి. మన డబ్బింగ్ కళాకారులందరికీ ఆయన పెద్దన్న! కులం పేరు చెప్పి పండితులు అవమానించారు. పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవ సంఘం వెలివేసింది. రెండు గుమ్మాలూ మూసుకున్నా కలం మూయలేదు. 'క్రీస్తు చరిత్ర' రాసింది ఆ మనిషే. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చేనాటికి ఆయనకి డెబ్బై ఏళ్ళు కావొస్తున్నాయి. మీకింకా ఇరవై నాలుగే.

గుండె చెరువైనప్పుడు ఏడవండి. విశ్వాసి ఏడవకూడదని ఎవరు చెప్పారు? కీర్తనల గ్రంథం సగం కన్నీళ్ళే. ఎనభై ఎనిమిదో కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, దాన్ని కూడా మన పెద్దలు దేవుని వాక్యంగానే దాచి మనకిచ్చారు. ఏలీయా అంతటి ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని చచ్చిపోవాలని కోరుకున్నాడు. దూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు. రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి ప్రయాణం దూరం ఉంది తినమన్నాడు.

అందుకే అడుగుతున్నాను. మోతీనగర్‌కి కూతవేటు దూరంలో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు చెప్పి ఎన్ని సినిమాల్లో నవ్వించారో మీకు తెలుసు. ఆ నవ్వుకి జడిసి నిద్రపట్టని కుర్రాడు ఆ గేటు దాటడు. ఉపవాస ప్రార్థన చెయ్యండి, డాక్టరు దగ్గరకూ వెళ్ళండి. చచ్చిపోవాలనిపించిన రాత్రి 14416కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వం నడిపే టెలీ-మానస్ అది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫోనెత్తి మాట్లాడేవాళ్ళనీ దేవుడే పెట్టాడని నమ్మండి. రేపు మీరు కథ రాసే రోజొస్తే, ఆ ఎర్రగడ్డ జోకు మీ కలం నుంచి రాకూడదు.

ఇక పక్కవాణ్ణి లేపే సంగతి. 2020 మార్చిలో కరోనా వల్ల షూటింగులు ఆగిపోయినప్పుడు రోజుకూలీ మీద బతికే సినిమా కార్మికుల ఇళ్ళల్లో పొయ్యి వెలగలేదు. పరిశ్రమ పెద్దలు ఛారిటీ పెట్టి సరుకులు పంచారు, మంచిదే. అలాంటి రోజు మళ్ళీ వస్తే పెద్దల కోసం ఎదురుచూడకుండా నిలబడేలా మీ యూత్ మీటింగుని తయారు చెయ్యలేరా? కీబోర్డూ రిథమ్ ప్యాడూ కొనడానికి చందాలు వేసుకున్నవాళ్ళు ఒక బియ్యం బస్తా కొనలేరా? తలా రెండు గుప్పెళ్ళు చాలు. తీసుకునేవాడు ఏ దేవుడికి మొక్కుతాడని అడగొద్దు, ప్రార్థనకి వస్తే ఇస్తామని షరతు పెట్టొద్దు. క్లౌ దొర పెట్టలేదు.

ఈ ఆదివారం ఆరాధన అవ్వగానే ఫోటోలు దిగడం పది నిమిషాలు ఆపండి. మూడు వారాలుగా మందిరానికి రానివాడెవడో, మీ మేడ మీది గదిలో లైటు తీసేసి పడుకుంటున్న అసిస్టెంట్ డైరెక్టర్ ఎవడో మీకు తెలుసు. ఇద్దరు కలిసి వెళ్ళండి. రెండు ప్లేట్ల ఇడ్లీ కట్టించుకుని వెళ్ళి తలుపు కొట్టండి. ముందు తినిపించండి.