పరభాష యెందుకు?

మాదాపురమున సైబర్ టవర్సు భవనమునకు 1998 నవంబరులో ప్రారంభోత్సవము జరిగినది. నాటినుండి ఆ ప్రాంతమునను, గచ్చిబౌలి, కొండాపురము, నానక్‌రామ్‌గూడలయందును లేచిన మేడలు లెక్కకు మించియున్నవి. వానిలో పనిచేయు తెలుగు యువకులలో యంత్రములకు జెప్పవలసిన భాషలు రెండు మూడైనను నేర్వనివారు అరుదు. మనుష్యుల భాషలను గూర్చి యడిగినచో మాత్రము, “ఇంగ్లీషు వచ్చును గదా” యను నొక్కమాటతో సంభాషణ ముగియును. అదియే చాలునను భ్రమను ఖండించుటకే మేమీ వ్యాసమునకు బూనుకొంటిమి.

వీరి మొదటి వాదము: ఇంగ్లీషు లోకమంతట చెల్లును, వేఱొక పరభాషతో బనియేమి? ఈ వాదము మేడలలో పుట్టినది; విమానాశ్రయము గడప దాటినచో నిలువదు. శంషాబాదునుండి కాలిఫోర్నియాకు బోవు ఇంజనీరుతోపాటు, గల్ఫు దేశములకు బోవు కరీంనగరు, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల కూలీలును బయలుదేరుచున్నారు. సౌదీ అరేబియా కార్మికచట్టము ప్రకారము ఒడంబడికకు అరబ్బీ ప్రతియే ప్రమాణము. వేఱొక భాషలోని ప్రతితో భేదము వచ్చినచో అరబ్బీయే నెగ్గును. తాను సంతకము చేసిన కాగితమున జీతమెంతయని వ్రాసిరో, పని యేమని వ్రాసిరో చదువలేనివాడు ఏజెంటు నోటిమాటను నమ్మి పోవలసినదే. అరబ్బీ అక్షరములు, అంకెలు, కూలికిని సెలవునకును సంబంధించిన కొన్ని మాటలు వచ్చియుండిన, అవి వానిని తాయెత్తుకంటె మిన్నగా గాపాడును.

నర్సుల సంగతి చూడుడు. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందుటకు సాధారణముగా బీ2 శ్రేణి జర్మను రావలెను. తెలంగాణ ప్రభుత్వపు టామ్‌కామ్ సంస్థ మన నర్సులకు ఆ భాష నేర్పించి పంపుచున్నది. రోగి తనకెక్కడ నొప్పియో తన భాషలోనే మూల్గును. ఇంగ్లీషులో మూల్గుమని వానిని గోరుట న్యాయమా?

రెండవ వాదము నవీనము: చేతిలోని యంత్రమే యనువదించునట! యంత్రమును మేము నిందింపము. దారి యడుగుటకు, బిల్లు చదువుటకు అది చక్కగా నుపకరించును. అయినను ఒక చిన్న మాటను బరీక్షింపుడు. ఇంగ్లీషున ‘వుయ్’ అను నొక్కమాటకు తెలుగున ‘మేము’, ‘మనము’ అని రెండు గలవు. ఎదుటివానిని గలుపుకొన్న ‘మనము’, వెలిగా నుంచిన ‘మేము’. ఒక కంపెనీవారు పనివారికి లేఖ వ్రాసి, ఈ కష్టకాలమున ‘వుయ్’ త్యాగము చేయవలెనని యనిరనుకొనుడు. ఆ త్యాగము చేయునది వారా, వారును వీరును గలిసియా? ఇంగ్లీషు ఆ ప్రశ్నను గప్పిపుచ్చును, తెలుగు దాచనీయదు. యంత్రము రెంటిలో నేదో యొకదానిని యెన్ని చేతికిచ్చును; ఎన్నిక జరిగినదని సయితము చదువరికి దెలియదు. రెండు భాషలు నెఱిగినవానికే అచ్చట నొక ప్రశ్న గలదని తట్టును. భాషాభ్యాసమువలన గలుగు పరమప్రయోజనము ఆ తట్టుటయే.

మూడవ వాదము తెలుగుపై నభిమానము గల పెద్దలది: పరభాషలు పెరిగినకొలది మాతృభాష క్షీణించునని. వీరి భయము నిర్హేతుకము గాదు. తెలుగున నాలుగు వాక్యములు తప్పులేక వ్రాయలేని పట్టభద్రులను మేము నిత్యము చూచుచున్నాము. కాని దోషము పరభాషను నేర్చుటయందున్నదా, స్వభాషను మానుటయందున్నదా? రైతు, జవాబు, వకీలు అను మాటలు అరబ్బీనుండియు, అలమార పోర్చుగీసునుండియు వచ్చి మన యింట గాపురము చేయుచున్నవి. వానివలన తెలుగు చెడలేదు, బలిసినది.

అంతేకాదు, మన భాషను మనకు జూపినది పరభాషాజ్ఞానమే. తెలుగు సంస్కృతమునుండి పుట్టినదని చిరకాలము పలువురు నమ్మిరి. 1816లో వెలువడిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో ఎల్లిసు దొర, తెలుగు ధాతువులను తమిళ కన్నడ ధాతువులతో బోల్చి, ఇవి యొక కుటుంబములోనివని చూపెను. ఆ పనిలో పట్టాభిరామశాస్త్రివంటి మన పండితుల పాండిత్యము ఆయనకు దోడ్పడినది. పుట్టుకతో నీళ్లలోనున్న చేపకు నీటి రుచి తెలియదు. ఆ భాషలను గష్టపడి నేర్చినవానికి వాని పోలిక కంటబడినది.

గిడుగు రామమూర్తి పంతులు సవరల మాటను వారి నోటనే విని నేర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును, 1938లో నిఘంటువును వెలువరించెను. లిపిలేని జాతి నోటిమాటకును నియమములు గలవని యెఱిగినందుననే, తెలుగు పామరుని మాటకును నియమములు గలవని ఆయన యంత ధైర్యముతో వాదింపగలిగెనని మా యూహ. గ్రాంథికమును విడువని మేమును ఈ విషయమున ఆయనకు నమస్కరింతుము.

ఇక మన విద్యాలయముల తీరు. ఇంటరుమీడియేటున ద్వితీయభాషగా సంస్కృతమునో ఫ్రెంచినో యెన్నుకొనువారిలో ననేకులకు గావలసినవి మార్కులు. పరీక్ష ముగిసిన మఱునాడు ఫ్రెంచివానిని కుశలమడుగలేరు; ఒక్క శ్లోకమునకు అన్వయము చెప్పలేరు. గురువుల యొద్ద సంస్కృతము నేర్చిన మాకు ఈ బేరము జూచి సిగ్గు గలుగుచున్నది. అమెరికావారి యాసను మూడు వారములలో నభ్యసించి, భాష వచ్చినదనుకొనుటయు ఇట్టిదే. యాస వచ్చినది, ఆ జాతి చరిత్రము, హాస్యము, దుఃఖము రాలేదు.

ఈ నగరముననే తార్నాకలో, 1958లో ఆంగ్లభాషకై వెలసి, 1972లో విదేశభాషలను గూడ పేరున జేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైన విద్యాస్థానము గలదు. అరబ్బీ, ఫ్రెంచి, జర్మను, జపాను, రష్యను, స్పానిషు భాషలు అచ్చట బోధింపబడుచున్నవి. పెరటిలో బావి యుండగా దాహముతో గూర్చుండుట మన యలసత్వము.

కావున మా కోరికలు మూడు. బాలునకు మొదట తెలుగు గట్టిపడవలెను. పాఠశాలలన్నిట తెలుగును తప్పనిసరి చేసిన 2018 నాటి తెలంగాణ చట్టము కాగితమున మిగిలిపోరాదు. పిదప నేర్పు పరభాషకు వ్రాతపరీక్షతోపాటు నోటిపరీక్షయు నుండవలెను. గల్ఫునకు బోవువానికి బయలుదేరుటకు ముందే వాని మండలమున అరబ్బీ పాఠము దొరకవలెను. మొదటి రెంటికి ఉపాధ్యాయులమగు మేము పూచీపడుదుము. మూడవదానికి ప్రభుత్వము పూనుకొనవలెను. మేడలవారు ధనసహాయము చేయవలెను. వారికి ఆ మేడలను గట్టిపెట్టినదియు ఇట్టి కూలీలే గదా!