1.5 జీబీ దాటితే ఫోన్ చెబుతుంది.. 200 యూనిట్లు దాటితే ఎవరు చెప్పాలి?

ఈ సైట్‌లో నేను రాసేవన్నీ ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల గురించే. ఈసారి మాత్రం ఒక యాప్ గురించి రాయాలి. ఇది రివ్యూ కాదు, నా కోపం అనుకోండి. రేటింగ్ ఇవ్వమంటే మాత్రం 5కి 1. ఆ ఒక్కటీ బిల్లు కట్టడానికి పనికొస్తుంది కాబట్టి.

విషయం మా చిన్నమ్మ వాళ్లింట్లో మొదలైంది. బాబాయ్ ఆటో నడుపుతాడు, తెల్ల రేషన్ కార్డు ఉంది. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి కింద వాళ్లకు జీరో బిల్లు వస్తోంది. నెలకు 200 యూనిట్ల లోపు వాడితే కట్టాల్సింది సున్నా. వాళ్ల వాడకం మామూలుగా 160, 170 మధ్య ఉంటుంది. మే నెలలో ఎండలు దంచికొట్టాయి, కూలర్ రాత్రంతా తిరిగింది, పిల్లలకు సెలవులు కాబట్టి టీవీ పొద్దంతా మోగింది. జూన్ 5న బిల్లు కొట్టే ఆయన వచ్చి కాగితం చేతిలో పెట్టాడు. 207 యూనిట్లు. వెయ్యి రూపాయల పైనే కట్టాలి.

ఏడు యూనిట్లు ఎక్కువైతే వెయ్యి రూపాయలా? అవును, అంతే.

ఆ సాయంత్రం చిన్నమ్మ తన ఫోన్ నా చేతిలో పెట్టింది. "నువ్వు ఫోన్ల గురించి రాస్తవు కదరా. కరెంటు ఎంత కాలిందో రోజూ చూసుకునే యాప్ ఏదన్న ఉంటే నా ఫోన్ల పెట్టు" అంది. అంత తేలికైన పని ఇంకోటి ఉంటుందా అనుకున్నాను. మా డిస్కం యాప్ ఇన్‌స్టాల్ చేశాను. ఓటీపీ మూడోసారికి వచ్చింది. యూనిక్ సర్వీస్ నంబర్ బిల్లు మీద వెతికి కొట్టాను. 'కన్జంప్షన్' అని ఒక ట్యాబ్ కనిపించింది. హమ్మయ్య అనుకుని నొక్కితే పన్నెండు నెలల బార్ గ్రాఫ్ వచ్చింది. చివరి బార్ మే నెలది, 207.

చిన్నమ్మ చూసి ఒక్కటే అడిగింది. "గిది పోయిన నెల బిల్లే కదా. ఆ కాగితం నా దగ్గర ఉంది. ఈ నెల ఎంతైందో చెప్పదా?"

చెప్పదు. నా దగ్గర జవాబు లేదు.

ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలు

గృహజ్యోతి లేనివాళ్లకూ ఈ 200 గీత ఎంత ముఖ్యమో ఒకసారి లెక్క చూద్దాం. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ వినియోగ శ్లాబులు ఇవి. నెలకు 101 నుంచి 200 యూనిట్ల మధ్య వాడేవాళ్లకు మొదటి 100 యూనిట్లు 3.40 రూపాయల చొప్పున, తర్వాతి 100 యూనిట్లు 4.80 చొప్పున పడతాయి. అంటే సరిగ్గా 200 దగ్గర ఆగితే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు.

201 అయ్యిందనుకోండి. కేటగిరీయే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లూ 5.10 రేటుకు ఎక్కుతాయి, అది 1,020. ఆ పైన ఒక్క యూనిట్ 7.70. మొత్తం 1,027.70. ఆ ఆఖరి యూనిట్ వల్ల బిల్లు 207.70 పెరిగింది. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు ఇందులో కలపలేదు.

జీరో బిల్లు ఇళ్లకైతే ఇంకా ఘోరం. 200 దగ్గర సున్నా, 201 దగ్గర వెయ్యి దాటిన బిల్లు. ఆటో నడిపే ఇంట్లో వెయ్యి రూపాయలంటే ఏంటో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి గీత పెట్టినప్పుడు మనం గీతకు ఎంత దూరంలో ఉన్నామో చెప్పే ఏర్పాటు కూడా ఉండాలి కదా. రోడ్డు మీద స్పీడ్ లిమిట్ పెట్టి, బండికి స్పీడోమీటర్ తీసేసి, నెలాఖరులో చలానా పంపితే ఊరుకుంటామా?

మన ఫోన్ 2011లోనే నేర్చుకుంది

ఇక్కడే నాకు బాగా మండుతుంది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0 గుర్తుందా? ఐస్‌క్రీమ్ శాండ్‌విచ్. అందులోనే డేటా యూసేజ్ స్క్రీన్ వచ్చింది. బిల్లింగ్ సైకిల్ ఏ తేదీన మొదలవుతుందో మనమే పెట్టుకోవచ్చు, ఎంత దాటితే హెచ్చరించాలో గీత జరుపుకోవచ్చు, ఏ యాప్ ఎంత తిన్నదో విడివిడిగా చూసుకోవచ్చు. ఇప్పుడు ఏ చవక ఫోన్ తీసుకున్నా ఇది ఉంటుంది. డేటా సగం అయిపోగానే టెలికాం కంపెనీ మెసేజ్ వేరే.

అదే కరెంటు విషయానికొస్తే మనం ఇంకా నెలకోసారి వచ్చే కాగితం దగ్గరే ఉన్నాం. ఆ కాగితాన్ని ఫోటో తీసి స్క్రీన్ మీద పెట్టినట్టు ఉంటుంది యాప్. దాన్ని 'వినియోగ ట్రాకింగ్' అనడం నాకు నచ్చదు. అయిపోయిన మ్యాచ్ స్కోరు చూపించి లైవ్ అంటే ఎలా?

"పాత మీటర్లు కదా బ్రో, వాటికి నెట్ ఉండదు, యాప్ మాత్రం ఏం చేస్తుంది?" అని మీరు అడగొచ్చు. కొంతవరకు నిజమే. కానీ ఇలా ఆలోచించండి. పోయిన బిల్లు రీడింగ్ డిస్కం దగ్గర ఉంది, తేదీ ఉంది. యాప్‌లో ఒక ఖాళీ బాక్స్ పెట్టి "ఈరోజు మీ మీటర్ రీడింగ్ కొట్టండి" అంటే చాలు. తీసివేత, భాగహారం, గుణకారం.. అయిదో తరగతి లెక్క. ఇలాగే వాడితే నెలాఖరుకు ఎన్ని యూనిట్లు, ఎంత బిల్లు, 200 దాటుతుందా లేదా చెప్పేయొచ్చు. దీనికి కొత్త మీటర్ అక్కర్లేదు. కావాల్సింది కాస్త సాఫ్ట్‌వేర్, దానికన్నా ముందు కస్టమర్‌కు చెప్పాలన్న ఆలోచన.

స్మార్ట్ మీటర్ వస్తే అంతా సర్దుకుంటుందా?

కేంద్రం 2021లో తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకం కింద దేశమంతా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఈ మీటర్లు అరగంటకో, పావుగంటకో వాడకాన్ని లోపల రాసుకుంటాయి. అంటే డేటా పుడుతోంది. ప్రశ్నల్లా అది ఎవరి చేతికి వస్తుందనేదే.

నిబంధన మన వైపే ఉంది. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు 2020లో వచ్చాయి, 2023 జూన్‌లో సవరించారు. స్మార్ట్ మీటర్‌ను కనీసం రోజుకోసారి రిమోట్‌గా చదవాలని, ఆ డేటాను వినియోగదారుడితో పంచుకోవాలని ఆ సవరణ చెబుతోంది. ఆలోచించి వాడుకునేందుకే ఇది అని కారణం కూడా చెప్పింది.

అయితే 'పంచుకోవడం' అంటే ఏంటి? లాగిన్ అయ్యాక మూడో మెనూలో నిన్నటి అంకె ఒకటి కనిపించడమా, లేక నా అరగంట డేటా మొత్తం నేను డౌన్‌లోడ్ చేసుకోగలగడమా? ఈ రెండింటి మధ్య చాలా తేడా ఉంది.

ఇంగ్లండ్‌లో ఉన్న నా ఫ్రెండ్‌ను అడిగాను. వాళ్లింట్లో స్మార్ట్ మీటర్‌తో పాటు వంటగదిలో పెట్టుకునే చిన్న డిస్‌ప్లే ఇచ్చారు. కెటిల్ ఆన్ చేస్తే అంకె ఎగిరిపడటం కళ్ల ముందే కనిపిస్తుంది. అక్కడి ఆక్టోపస్ ఎనర్జీ లాంటి కంపెనీ ఏపీఐ కూడా ఇస్తుంది. మనవాడు వీకెండ్‌లో కూర్చుని పైథాన్‌లో సొంత డ్యాష్‌బోర్డ్ కట్టుకున్నాడు. అమెరికాలో 'గ్రీన్ బటన్' అని ఒక ప్రమాణం ఉంది. దాన్ని పాటించే విద్యుత్ సంస్థ సైట్‌లో ఆ బటన్ నొక్కితే మీ వాడకం మీకు ఫైల్‌గా వచ్చేస్తుంది.

అక్కడంతా స్వర్గమని కాదు. బ్రిటన్‌లో మొదటి తరం స్మార్ట్ మీటర్లు కంపెనీ మార్చగానే స్మార్ట్‌నెస్ పోగొట్టుకుని మామూలు మీటర్లయిపోయాయి. లక్షల మీటర్లు స్మార్ట్ మోడ్‌లో పనిచేయడం లేదని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. మీటర్ మార్చినంత మాత్రాన కస్టమర్‌కు సమాచారం అందదని దీన్నిబట్టే తెలుస్తోంది.

ఇంకో మాట. అరగంట డేటా చూస్తే ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎప్పుడు తాళం వేసి ఊరెళ్లారో తెలిసిపోతుంది. మన గురించి అంత తెలిసిన డేటా కంపెనీకి కనిపిస్తూ మనకు కనిపించకపోవడం ఏం న్యాయం?

మరి స్మార్ట్ ప్లగ్ కొనుక్కుంటే?

నేనూ అదే చేశాను. ఎనర్జీ మానిటరింగ్ ఉన్న 16 ఆంప్స్ స్మార్ట్ ప్లగ్ నా దగ్గర రివ్యూ కోసం కొన్నది ఉంటే తీసుకెళ్లి చిన్నమ్మ వాళ్ల ఫ్రిజ్‌కు పెట్టాను. రెండు రోజుల్లో అసలు దొంగ దొరికాడు. పాత ఫ్రిజ్ రోజుకు 2.8 యూనిట్లు తింటోంది! చూస్తే డోర్ రబ్బరు వదులైపోయింది, చల్లదనమంతా బయటికి పోతోంది. మేమంతా పాపం కూలర్‌ను తిట్టాం.

కాబట్టి ప్లగ్ పనికిరాదని అనను. కానీ దాని యాప్‌తో వేరే గొడవలు. అకౌంట్ క్రియేట్ చేయాలి, వైఫై ఉండాలి (చిన్నమ్మ ఇంట్లో లేదు, నా హాట్‌స్పాట్‌తో నడిపాను), డేటా బయటికి తీసుకునే ఆప్షన్ లేదు. పైగా అది ఒక్క వస్తువు లెక్కే చెబుతుంది. ఫ్యాన్లు, లైట్లు, మోటార్ దానికి తెలియవు. రూఫ్‌టాప్ సోలార్ పెట్టుకున్న వాళ్లూ ఇదే చెబుతారు. ఇన్వర్టర్ యాప్ ఎంత పుట్టిందో చూపిస్తుంది, ఇల్లు ఎంత వాడిందో చాలా వాటిలో ఉండదు. అంటే ఇంటికి మూడు యాప్‌లు, మూడు అంకెలు. 200కు ఎంత దూరం అన్న ఒక్క ప్రశ్నకు మూడింట్లోనూ జవాబు ఉండదు.

చివరికి గెలిచింది క్యాలెండర్

జూన్‌లో మేం చేసింది ఇదీ. బిల్లు రోజు, అంటే 5న మీటర్ రీడింగ్ 4,312. దాన్ని చిన్నమ్మ గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో పెన్సిల్‌తో రాసింది. 17న మళ్లీ చూస్తే 4,396. పన్నెండు రోజుల్లో 84 యూనిట్లు, రోజుకు 7. ముప్పై రోజులకు 210. మళ్లీ దాటేస్తున్నాం!

కానీ ఈసారి చేతిలో ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఫ్రిజ్ రబ్బరు మార్పించాం. వానలు మొదలయ్యాయి, కూలర్ వాడకం తగ్గింది. నెలాఖరుకు 183 యూనిట్లు. జీరో బిల్లు.

మీరూ చేయొచ్చు. మీటర్ డిస్‌ప్లేలో రకరకాల అంకెలు మారుతూ ఉంటాయి, కేడబ్ల్యూహెచ్ అని ఉన్నదే చూడండి. 200 లోపు ఉండాలంటే రోజుకు ఆరున్నర యూనిట్లు మించకూడదు, ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే చాలు. కాస్త ప్రయోగాలు ఇష్టమైన వాళ్లకు ఇంకో దారి ఉంది. మీటర్ మీద ఎర్ర లైట్ మిణుకుమిణుకుమంటుంది చూశారా? చాలా సింగిల్ ఫేజ్ మీటర్లలో అది 3,200 సార్లు వెలిగితే ఒక యూనిట్. ఎంతో మీ మీటర్ మీదే రాసి ఉంటుంది. దాని ఎదురుగా లైట్ సెన్సర్ పెట్టి ఈఎస్‌పీ32 బోర్డుతో లెక్కపెట్టి హోమ్ అసిస్టెంట్‌కు పంపొచ్చు. మీటర్‌ను విప్పడం, సీల్ ముట్టుకోవడం మాత్రం అస్సలు వద్దు. ప్రాణాపాయమే కాదు, కేసు కూడా అవుతుంది.

కానీ ఇవన్నీ మనం చేసుకోవాల్సిన పనులా? డిస్కంలను నేను అడిగేది పెద్దదేం కాదు. పాత మీటర్లకు రీడింగ్ కొట్టే బాక్స్ పెట్టండి. 150 దగ్గర ఒకటి, 180 దగ్గర ఒకటి తెలుగులో ఎస్ఎంఎస్ పంపండి, బటన్ ఫోన్‌కు కూడా వెళ్లేలా. స్మార్ట్ మీటర్ ఉన్న ఇంటికి దాని డేటా ఫైల్‌గా ఇవ్వండి. ఏఐ చాట్‌బాట్లూ, రంగురంగుల బ్యానర్లూ తర్వాత చూసుకోవచ్చు.

మొన్న వెళ్లినప్పుడు చిన్నమ్మ ఫోన్‌లో ఆ యాప్ లేదు. "జాగ దండగని తీసేసిన" అంది. గోడ మీద క్యాలెండర్ మాత్రం ఉంది. ప్రతి ఆదివారం గడిలో ఒక అంకె, పక్కన ఇంకా ఎన్ని మిగిలాయో.

ఆ రెండో అంకె చూపించే యాప్ ఎవరైనా తెస్తే 5కి 5 ఇచ్చి రివ్యూ రాయడానికి నేను రెడీ.