అరవై రూపాయల కండెన్సర్

ఏప్రిల్‌లో ఓ రాత్రి మా ఫ్యాన్ నీరసపడిపోయింది. రెగ్యులేటర్ ఐదులో పెట్టినా రెండులో ఉన్నట్టే తిరుగుతోంది. హైదరాబాద్ ఎండల సంగతి తెలిసిందేగా! ఒంటిగంటకి చెమటలు తుడుచుకుంటూ 3,200 పెట్టి కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ కార్ట్‌లో వేసేశా. ఆర్డర్ మాత్రం పొద్దున పెడదామని ఆగా.

పొద్దున్నే నాన్న ఫోన్ చేస్తే మాటల్లో చెప్పా. "స్విచ్ ఆపి రెక్కని చేత్తో తిప్పి చూడరా" అన్నారు. తేలిగ్గానే తిరిగింది. "అయితే బేరింగులు బానే ఉన్నాయి. కండెన్సర్ పోయుంటుంది, మార్చు."

కండెన్సర్ అంటే మన కెపాసిటరే. ఏళ్లు గడిచేకొద్దీ దాని కెపాసిటీ తగ్గుతుంది, మోటార్‌కి బలం చాలదు, ఫ్యాన్ స్లో అవుతుంది. ఇదంతా బీటెక్ పరీక్షలో రాసినవాడినే. ఇంట్లో ఫ్యాన్ చూస్తే మాత్రం ఒక్క ముక్క గుర్తురాలేదు.

వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో 60 రూపాయలు. పాతదాని మీద 2.5 మైక్రోఫారడ్ అని ఉంటే కొత్తదీ అదే కొనాలి. స్పీడ్ పెరుగుతుందని పెద్దది వేస్తే మోటార్ వేడెక్కుతుంది. గోడ స్విచ్ ఒక్కటే కాదు, మెయిన్ కూడా ఆపండి. పాత కండెన్సర్ తీగల కొసలు ముట్టుకోవద్దు, ఛార్జ్ మిగిలి ఉండొచ్చు. భయమేస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, కూలి ఇచ్చినా లాభమే.

"కొత్తదైతే కరెంట్ ఆదా కదా" అని రూమ్మేట్ వాదన. నిజమే, మామూలు ఫ్యాన్ 75 వాట్లు లాగితే అది 30కి అటూ ఇటూ. లెక్కేశాం. రోజుకి 10 గంటలు తిరిగితే నెలకి మిగిలేది 13 యూనిట్ల పైచిలుకు. యూనిట్ 5 రూపాయలనుకున్నా ఆ 3,200 వెనక్కి రావడానికి దాదాపు నాలుగేళ్లు! ఫ్యాన్ పూర్తిగా కాలిపోయినప్పుడు అదే కొంటాం, ఇప్పుడు కాదు.

ఆ ఊపులో లాప్‌టాప్ మీద పడ్డా. పది నిమిషాలకే కాలిపోతూ, ఆగిఆగి పనిచేసేది. ఆఫీసులో లేఆఫ్ గుసగుసలు వినిపిస్తున్న నెలలోనే, రెండేళ్ల ఈఎంఐ మీద కొత్తది చూసిపెట్టుకున్నా. తీరా వెనక మూత విప్పితే లోపల ఫ్యాన్‌కి దుమ్ము దుప్పటిలా పట్టి ఉంది. వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము దులిపించి, థర్మల్ పేస్ట్ మార్పిస్తే 800 అయింది. ఈఎంఐ ఆలోచన అక్కడితో సరి.

అన్నీ ఇలాగే కలిసిరాలేదు లెండి. ఫోన్‌కి చవగ్గా దొరికిందని 700 పెట్టి ఊరూపేరూ లేని బ్యాటరీ వేయించా. మూడు నెలలకే అది ఉబ్బి స్క్రీన్‌ని పైకి లేపేసింది. ఉబ్బిన బ్యాటరీ పగిలితే మంటే, అందుకే ఛార్జింగ్ పెట్టకుండా ఆ రోజే తీయించేశా. ఈసారి కంపెనీ బ్యాటరీ, 2,400. ముందే అది వేయించి ఉంటే ఆ 700 జేబులోనే ఉండేవి.