నిల్వకు నీరటి అవసరం

కంప్యూటరు అనగానే మన విద్యార్థులు లెక్కల వేగాన్నే తలచుకొంటారు. పెద్ద యంత్రపు చిక్కు లెక్కలో కంటె నిల్వలోనే ఎక్కువ. ఐబీఎం మెయిన్‌ఫ్రేములో డిస్కును గాని టేపును గాని వాల్యూము అంటారు. కొన్ని శాశ్వతంగా అమర్చినవి. కొన్ని ఆపరేటరు దించమనే వరకు ఉండేవి. కొన్ని పని కాగానే తీసివేయదగినవి.

ఈ స్థితులను ఎప్పుడు విచారించాలన్నదే ప్రశ్న. జెస్‌2 పద్ధతిలో ఆ విచారణ పని మొదలైన తరువాత జరుగుతుంది. నడుమ ఒక టేపు దొరకకపోతే, ఆ పని తాను పట్టుకొన్న పరికరాలను వదలక నిలిచిపోవచ్చు. వెనుకనున్న వారందరికీ ఆలస్యం. జెస్‌3 మాత్రం ముందే విచారిస్తుంది. పాడైన డిస్కును లభ్యం కాదని ఆపరేటరు ప్రకటిస్తే, దానిని కోరే పనులు వరుసలోనే ఆగుతాయి. మా నల్లగొండ, పాలమూరు చెరువుల కింద నీరటి చేసిన పని ఇటువంటిదే: ఏ తూము తెరిచి ఉన్నదో ఎరుగక నీరు వదలడు.

ఇందులోనూ నష్టమున్నది. చివరి దశకు కావలసిన పరికరం మొదటినుండి బందీ అవుతుంది. అందుకే ఏ ఒక్క దశకైనా గరిష్ఠంగా పట్టే పరికరాలనే కేటాయించే ఏర్పాటు చేశారు. దానికి హై వాటర్‌మార్క్ అని పేరు. అదీ నీటి మాటే!

జెస్‌2నే కొనసాగిస్తామని ఐబీఎం 2019లో ప్రకటించింది. 2021 నాటి జెడ్‌ఓఎస్ 2.5తో తన జెస్‌3ని ముగించింది. రెండింటిని పోషించడం భారమే కావచ్చు; కాని ముందుచూపు గల పద్ధతిని విడిచి, తరువాత విచారించే దానిని నిలుపుకోవడం నాకు సమ్మతం కాదు. ఫీనిక్స్ సాఫ్ట్‌వేర్ సంస్థ దానిని జెస్‌3ప్లస్ పేరిట చేపట్టడం సంతోషకరం.