అప్పు చేసి ఎస్‌యూవీ ఎందుకు? పాత వ్యాగన్ కొనండి, పానా పట్టండి

అమెరికాలో మనవాళ్ళ కార్లకి ఒక వరస ఉంది. వచ్చిన కొత్తలో ఒక సెడాను, పెళ్ళవగానే ఇంకో సెడాను, ఇద్దరు పిల్లలయ్యేసరికి మూడు వరసల సీట్ల ఎస్‌యూవీ. అన్నీ షోరూం నుంచే, అన్నీ అప్పు మీదే. స్టేషన్ వ్యాగన్ అంటే "వ్యాగనారా? ఇక్కడ కూడా అమ్ముతున్నారా?" అని అడిగినవాళ్ళున్నారు. కాదండీ బాబూ! మామూలు కారు కప్పుని డిక్కీ చివరిదాకా లాగితే అది వ్యాగన్. స్ట్రోలరు, కూలరు, ఇండియన్ స్టోర్లో కొన్న రెండు సోనా మసూరి బస్తాలు, అన్నీ పడతాయి. బస్తా ఎత్తి పెట్టేటప్పుడు నడుమూ పట్టెయ్యదు.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. పిల్లలున్న ఇంటికి ఏడెనిమిదేళ్ళ పాత వ్యాగన్ని రొక్కం ఇచ్చి కొనుక్కుని, మామూలు మెయింటెనెన్స్ మన చేత్తో మనం చేసుకోవడం పిసినారితనం కాదు. మన వీసా బతుకులకి అంతకంటే మంచి ఇన్సూరెన్స్ లేదు.

ఎందుకో చెప్తా. హెచ్1బీ మీదున్నవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోడానికి గడువు మహా అయితే 60 రోజులు. 2017 జనవరి నుంచి ఉన్న నిబంధన ఇది. 2022 చివర్లో, 2023లో లేఆఫులు వరసపెట్టి వచ్చినప్పుడు దాని వేడి ఎలా ఉంటుందో అందరికీ తెలిసొచ్చింది. ఇంకోపక్క, కెల్లీ బ్లూ బుక్ లెక్క ప్రకారం ఇక్కడ కొత్త కారు సగటు ధర 2025 సెప్టెంబరులో మొదటిసారి 50,000 డాలర్లు దాటింది. దానికి 72 నెలలు, 84 నెలలు వాయిదాలు! 60 రోజుల భరోసా ఉన్నవాడు 84 నెలల అప్పు చెయ్యడమేమిటండీ? అప్పు చేసి పప్పుకూడు అంటారు గానీ, ఆ పప్పు కనీసం కడుపులోకి పోతుంది. కొత్త కారు విలువ షోరూం గేటు దాటగానే పడిపోతుంది. మేనేజరు శుక్రవారం సాయంత్రం అంటగట్టిన అడ్డమైన పనికీ మనం తలూపేది వాయిదా తేదీ గుర్తొచ్చే కదా!

"పాత కారు నడిరోడ్డు మీద ఆగిపోతే?" అంటారు. చూసి కొంటే ఆ భయం చాలావరకు పోతుంది. వాడిన వ్యాగన్లలో సులువుగా దొరికేది సుబారు అవుట్‌బ్యాక్, దాన్నే తీసుకుందాం. 2012 దాకా వచ్చిన నాలుగు సిలిండర్ల మోడళ్ళలో టైమింగ్ బెల్టు ఉంటుంది, 105,000 మైళ్ళకి మార్చాలి. హెడ్ గాస్కెట్ లీకులకి కూడా ఆ ఇంజిన్లకి పేరుంది. 2013 నుంచి ఇంజినే మారింది, బెల్టు పోయి చైను వచ్చింది. అందుకని 2015 నుంచి 2019 దాకా వచ్చిన తరం చూసుకోండి. కార్‌ఫాక్స్ రిపోర్టు ఒక్కటే చూసి మురిసిపోకండి. అది రెజ్యూమె లాంటిది, రెజ్యూమెల సంగతి మనవాళ్ళకి నేను చెప్పాలా :-) అసలు ఇంటర్వ్యూ మెకానిక్ దగ్గర. అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్‌కి డబ్బులిచ్చి కారు లిఫ్టెక్కించండి. ఆయిల్ డిప్‌స్టిక్ మీరే తీసి చూడండి. గేర్‌బాక్స్ సీవీటీ కాబట్టి నెమ్మదిగా నడిపేటప్పుడు కుదుపులొస్తే దండం పెట్టి వచ్చెయ్యండి. నాలుగు టైర్లూ ఒకే రకమా, ఒకేలా అరిగాయా అన్నది కూడా ముఖ్యం. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్ళే బండి ఇది. టైర్ల చుట్టుకొలతల్లో పావు అంగుళానికి మించి తేడా ఉండకూడదని కంపెనీయే చెప్తుంది.

ఇక పానా సంగతి. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ సర్వరు పడిపోతే లాగులు చదివి తప్పెక్కడుందో పట్టుకునే మనం, చెక్ ఇంజిన్ లైటు వెలగ్గానే పసిపిల్లాడిలా డీలరు దగ్గరకి పరిగెత్తుతాం. అమెరికాలో 1996 మోడల్ నుంచి ప్రతి కారులోనూ ఓబీడీ-2 పోర్టు ఉంది. చిన్న రీడరు కొని స్టీరింగ్ కింద గుచ్చితే కారే తన ఎర్రర్ కోడు చెప్తుంది. పీ0455 వచ్చిందా? ముందు గ్యాస్ మూత సరిగ్గా బిగించారో లేదో చూడండి! పీ0420 వచ్చిందా? వెయ్యి డాలర్ల పైన పెట్టి క్యాటలిటిక్ కన్వర్టరు మార్చే ముందు ఆక్సిజన్ సెన్సరు, ఎగ్జాస్ట్ లీకు చూడాలి. సింప్టమ్ వేరు, రూట్ కాజ్ వేరు అని జూనియర్లకి చెప్పేది మనమే కదా.

క్యాబిన్ ఫిల్టరు మార్చడానికి ఒక డీలరు నాకు 80 డాలర్లు చెప్పాడు. గ్లవ్ బాక్స్ ఊడదీస్తే వెనకే ఉంటుంది, అయిదు నిమిషాల పని, ఫిల్టరు 15 డాలర్లు. ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టరు, బ్యాటరీ, వైపర్లు, కాస్త చెయ్యి తిరిగాక బ్రేక్ ప్యాడ్లు... ఇవన్నీ ఇంట్లో అయ్యేవే. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: జాకీ ఒక్కటే పెట్టి కారు కిందకి దూరద్దు. జాక్ స్టాండులు పెట్టాల్సిందే. ఎయిర్ బ్యాగులు, సీవీటీ లోపలి పని మనవి కావు, వాటికి మెకానిక్ ఉన్నాడు.

"మనం ముట్టుకుంటే వారంటీ పోతుంది" అంటారు. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, సొంతంగా ఆయిల్ మార్చుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ కాదనడానికి లేదు. రసీదులు దాచుకోండి చాలు. "నా గంట ఖరీదెంతో తెలుసా?" అంటారు. డీలరు వెయిటింగ్ రూంలో రెండు గంటలు ఫోను చూస్తూ కూర్చుంటే ఆ ఖరీదు ఎవరిస్తున్నారు? అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యనివ్వరన్నది మాత్రం నిజమైన ఇబ్బందే. గరాజ్ ఉన్న స్నేహితుణ్ణి పట్టుకోండి, ఇద్దరి కార్లూ ఒకే శనివారం అయిపోతాయి.

అసలు కారణం ఇవేవీ కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. పాట్‌లక్‌కి పాత వ్యాగన్లో వెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనని. అనుకోనివ్వండి. 61వ రోజున మీ కారు వాయిదా కట్టేది ఆ నలుగురూ కాదు.